పాత స్టెమ్‌లో పగులు చూపించిన మూడు స్ప్రే డబ్బాలు

మా అమ్మాయికి ఇద్దామని 1970ల నాటి రేసింగ్ సైకిల్ ఒకటి బాగుచేస్తున్నాను. టైర్లు, గొలుసు, బ్రేకు వైర్లు అన్నీ కొత్తవి వేశాను. హ్యాండిల్‌ని పట్టుకునే అల్యూమినియం స్టెమ్ మాత్రం పైకి శుభ్రంగానే కనిపించింది, ఉంచేద్దామనుకున్నాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. టైరు పంక్చరైతే దిగి నడుస్తాం. స్టెమ్ విరిగితే హ్యాండిల్ చేతుల్లోనే ఉంటుంది, ముందు చక్రం మాత్రం మాట వినదు. అందుకే పగుళ్లను రంగుతో చూపించే ఈ డై పెనెట్రెంట్ కిట్ కొన్నాను.

వెల్డింగ్ అతుకుల్ని పరీక్షించేవాళ్లు వాడేది ఇదే. క్లీనర్, ఎర్ర రంగు, తెల్ల డెవలపర్, మొత్తం మూడు డబ్బాలు. ఎర్ర రంగు ఎంత సన్నటి పగుల్లోకైనా పాకుతుంది. పైన తుడిచేసి డెవలపర్ కొడితే, లోపల మిగిలిన రంగును ఆ తెల్ల పొడి బయటికి పీలుస్తుంది. అయస్కాంతంతో చేసే పరీక్ష అల్యూమినియం మీద పనిచేయదు కాబట్టి ఇంట్లో చేసుకోవడానికి ఇదే దారి.

స్టెమ్ ఊడదీయడానికే రెండు రోజులు పట్టింది. పై బోల్టు నాలుగు చుట్లు వదులు చేసి, చెక్కముక్క పెట్టి కొడితే, స్టెమ్‌ని లోపలి నుంచి బిగించే కోన్ జారింది కానీ స్టెమ్ కదల్లేదు. అల్యూమినియం స్టెమ్, ముందు చక్రాన్ని పట్టుకునే ఉక్కు ఫోర్కు తడికి కలిసి పట్టేశాయి. నూనె పోస్తూ, ఆగుతూ తీశాను.

ఆ స్టెమ్ అడుగున, కోన్ లోపలికి వచ్చినప్పుడు విచ్చుకోవడానికి, రెండు చీలికలు కోసి ఉన్నాయి. చీలిక చివర గుండ్రటి రంధ్రం ఉంటే ఒత్తిడి కాస్త చెదురుతుంది. నా దానికి అది లేదు, చీలిక సూటిగా ఆగిపోయింది. బోల్టు బిగించిన ప్రతిసారీ, హ్యాండిల్ మీద బరువు వేసిన ప్రతిసారీ భారమంతా ఆ మూల మీదే. అల్యూమినియానికి చిన్న చిన్న బరువుల అలసట కూడా పోగవుతూనే ఉంటుంది. పైగా ఆ భాగం ఫోర్కు లోపల ఉంటుంది, తీయకపోతే ఎన్నేళ్లయినా కంటపడదు.

రంగు కొట్టి ఇరవై నిమిషాలు ఆగాను. తుడిచి, డెవలపర్ కొట్టాను. కొన్ని నిమిషాలకు చీలిక చివర నుంచి పైకి, గోరంత పొడవున సన్నటి ఎర్ర గీత తేలింది. చీలికలో మిగిలిన రంగే కారిందేమోనని మొత్తం కడిగి మళ్లీ చేశాను. అదే చోట అదే గీత. అప్పుడు భూతద్దం పెడితే వెంట్రుకలాంటి పగులు కనిపించింది. ఎక్కడ చూడాలో తెలియకముందు అదే భూతద్దంతో ఏమీ పట్టుకోలేకపోయాను.

డబ్బా మీద సూచనలు సరిపోవు. క్లీనర్‌ని గుడ్డ మీద కొట్టుకుని తుడవాలి, నేరుగా కొడితే పగుల్లోని రంగు కూడా కొట్టుకుపోతుంది. ఇది తెలిసేలోపు నేను ఒక ప్రయత్నం పాడుచేశాను. పరీక్షకు ముందు సాండ్‌పేపర్ పట్టకండి, రుద్దితే పగులు నోరు మూసుకుపోవచ్చు. పాత గీతల్లో కూడా రంగు నిలుస్తుంది, కాబట్టి కనిపించిన ఎరుపంతా పగులు కాదు. ఉపరితలం దాకా రాని లోపాన్ని ఇది చూపించదు. ఘాటు ఎక్కువ, మంటకు దూరంగా ఆరుబయట చేయాలి. చేతులకు గ్లోవ్స్ తప్పనిసరి.

ఇన్ని ఉన్నా పాత సైకిల్ ఎక్కేవాళ్లందరికీ ఈ కిట్ కొనమనే చెబుతాను.

కొత్తగా నిట్టో కంపెనీ స్టెమ్ తెచ్చాను, అడుగున కోన్‌కు బదులు ఏటవాలు కోతతో వెడ్జ్ (పక్కకు జారి బిగిసే ముక్క) ఉన్నది. నా ఫోర్కుకు 22.2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నది సరిపోయింది. పాత ఫ్రెంచ్ సైకిళ్లకు 22.0 కావాలి, కొనేముందు కాలిపర్‌తో కొలవండి. స్టెమ్ మీది కనీస లోతు గీత ఫోర్కు లోపలికి పూర్తిగా దిగేలా బిగించాను. పాతదాన్ని ఇంకెవరూ వాడకుండా రంపంతో రెండు ముక్కలు చేశాను. డబ్బాల్లో సగానికి పైగా మిగిలింది, ఈ వారం పెడల్స్ తగిలించే క్రాంకులు చూడాలి.