చెన్నైలో తోమా పేరున్న మూడు చోట్లు: ఏది చూడాలి, ఏది ఎంతవరకు నమ్మాలి

వేళాంగణి వెళ్తూ చెన్నైలో దిగే తెలుగు క్రైస్తవులు మామూలుగా శాంథోమ్ బాసిలికా ఒక్కటే చూస్తారు. తెల్లటి శిఖరం ముందు ఫొటో, లోపల రెండు నిమిషాల ప్రార్థన, మళ్లీ ఆటో. కానీ అపొస్తలుడైన తోమా పేరు మీద ఈ ఊళ్లో మూడు చోట్లున్నాయి. సముద్రం ఒడ్డున శాంథోమ్, సైదాపేట దాటాక చిన్నమలై, విమానాశ్రయం వైపు పరంగిమలై. పొద్దున్నే మొదలుపెడితే మూడూ ఒక్కరోజులో అయిపోతాయి. అయితే ఈ దేశంలో సంఘం ఎలా మొదలైందో తెలుసుకుందామని వెళ్లేవాళ్లకు మూడింటి విలువా ఒకటి కాదు. అందరూ వెళ్లే శాంథోమ్‌కి ఐదుకి మూడున్నర. చిన్నమలైకి రెండున్నర. చాలామంది పైపైన చూసి వచ్చేసే పరంగిమలై శిలువకి మాత్రం ఐదుకి ఐదు.

ముందు పేర్ల గొడవ తేల్చుకోవాలి. ఆటో ఎక్కి "సెయింట్ థామస్ చర్చి" అంటే ఈ మూడింట్లో దేనికైనా తీసుకెళ్లొచ్చు. తప్పు చోట దిగితే ఊరికి ఆ చివర నుంచి ఈ చివరకు రావాలి. అందుకని శాంథోమ్, చిన్నమలై, పరంగిమలై అని స్థానిక పేర్లే చెప్పండి. సెంట్రల్ స్టేషన్‌లో దిగినవాళ్లు రోడ్డు దాటి పార్క్ టౌన్‌లో ఎంఆర్‌టీఎస్ అనే లోకల్ రైలెక్కి లైట్‌హౌస్‌లో గానీ తిరుమైలైలో గానీ దిగొచ్చు. అక్కడి నుంచి శాంథోమ్‌కి చిన్న ఆటో ప్రయాణం. చిన్నమలైకి సెంట్రల్ నుంచే నేరుగా మెట్రో బ్లూ లైన్ ఉంది, స్టేషన్ పేరు లిటిల్ మౌంట్. అక్కణ్ణుంచి గిండీ మీదుగా ఆలందూరు వెళ్లి, గ్రీన్ లైన్‌లోకి మారి ఒక్క స్టేషన్ వెళ్తే సెయింట్ థామస్ మౌంట్. శాంథోమ్ నుంచి చిన్నమలైకి మాత్రం ఆటోయే నయం.

శాంథోమ్

ఇప్పుడు కనిపించే కట్టడానికి రెండువేల ఏళ్లు లేవు, ఐదొందలేళ్లూ లేవు. 1523లో పోర్చుగీసులు ఇక్కడ తవ్వించి ఒక చర్చి కట్టారు. దాన్ని 1893లో పడగొట్టి, 1896 నాటికి ఇప్పటి నియో గోతిక్ చర్చిని పూర్తి చేశారు. పెద్ద శిఖరం ఎత్తు 155 అడుగులు. సమాధి ఎక్కడుందో గుర్తుగా ఇంకో చిన్న శిఖరం ఉంటుంది. చాలామంది దాన్ని అలంకారం అనుకుని వదిలేస్తారు. 1956లో దీనికి మైనర్ బాసిలికా హోదా, అంటే ముఖ్యమైన చర్చిలకు పోపు ఇచ్చే గౌరవం, వచ్చింది. 1986 ఫిబ్రవరి 5న రెండో జాన్ పాల్ పోప్ వచ్చి ఇక్కడ ప్రార్థించారు.

సందర్శకులు ఎక్కువగా పొరబడేది దారి దగ్గర. ముందు ద్వారంలోంచి లోపలికి వెళ్లి, బలిపీఠం చూసి, అదే ద్వారంలోంచి బయటికొచ్చేస్తారు. సమాధి గది నేల కింద ఉంది, దానికి వెనకవైపు నుంచి వేరే దారి ఉంది. పైన పూజ జరుగుతున్నా యాత్రికులు కిందికి వెళ్లగలిగేలా అలా చేశారు. ఏర్పాటు నిజంగా బాగుంది. ఆదివారం పొద్దున, పెళ్లిళ్ల రోజుల్లో చర్చి లోపల తిరగడం కుదరదు గానీ కింద ప్రశాంతంగా కూర్చోవచ్చు. పైనున్న చిన్న మ్యూజియానికి పావుగంట చాలు. ప్రొటెస్టెంట్ కుటుంబాలకు ఒక మాట: పూజ సమయంలో కూర్చోవచ్చు, ప్రార్థించుకోవచ్చు, కానీ దివ్యసత్ప్రసాదం వరుసలో నిలబడకండి. అది కతోలికులకే ఇస్తారు. తెలియక నిలబడి, అక్కడ తిప్పి పంపితే నొచ్చుకునేవాళ్లున్నారు.

ఇక అసలు ప్రశ్న. ఆ సమాధిలో ఉన్నది తోమాయేనా?

ఎముకల సంగతి ముందు. నాలుగో శతాబ్దంలో ఎఫ్రేము అనే క్రైస్తవ కవి సిరియాక్ (పాత సిరియా క్రైస్తవుల భాష) లో రాసిన కీర్తనల్లోనే తోమా ఎముకలు ఎదెస్సాలో, అంటే నేటి టర్కీలోని ఉర్ఫాలో, ఉన్నాయని ఉంది. ఒక వర్తకుడు వాటిని భారతదేశం నుంచి తెచ్చాడన్నది అప్పటి నమ్మకం. అక్కణ్ణుంచి కియోస్ దీవికి, 1258లో కియోస్ నుంచి ఇటలీలోని ఒర్తోనాకి చేరాయి. ఒర్తోనా ఇప్పటికీ వాటినే చూపిస్తుంది. కాబట్టి శాంథోమ్ ఉన్న ఈ మైలాపూరులో దేహం మొత్తం ఉందని ఎవరైనా చెప్తే అది మైలాపూరు సంప్రదాయానికే పొసగదు. ఇక్కడ చూపేది ఒక ఎముక ముక్క, ఒక బల్లెపు మొన. సమాధి అడుగు ఇటుకలు పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన పాతకాలపు ఇటుకల్లాంటివే అన్న వాదన కూడా వినిపిస్తుంది. అది నిజమే అనుకున్నా, ఇటుక తన వయసు చెప్తుంది గానీ కింద ఎవరున్నారో చెప్పదు.

అలాగని కొందరు ఎగతాళిగా అనే "అంతా పోర్చుగీసుల కల్పన" అన్న మాటా నిలవదు. పోర్చుగీసులు రావడానికి రెండొందల ఏళ్ల ముందే, 1290ల్లో, మార్కో పోలో ఈ తీరంలో తోమా సమాధి గురించి రాశాడు. క్రైస్తవులే కాదు, ముస్లింలు కూడా అక్కడికి యాత్రకు వస్తారని, అక్కడి ఎర్రమట్టిని జ్వరానికి మందుగా తీసుకెళ్తారని అందులో ఉంది. ఇంచుమించు అదే కాలంలో చైనా వెళ్తూ ఆగిన జాన్ మోంతెకొర్వినో అనే కతోలిక మిషనరీ కూడా ఇక్కడి తోమా చర్చిని ప్రస్తావించాడు. మరణం ఎలా జరిగిందన్న దానిలో మాత్రం పొంతన లేదు. ఇక్కడి సంప్రదాయం ప్రకారం బల్లెంతో పొడిచి చంపారు. మార్కో పోలో విన్న కథలో నెమళ్ల వేటగాడి బాణం గురితప్పి తగిలింది. ఇంత తేడా ఉన్న రెండు కథలు ఒకే చోట పుట్టాయంటే, స్థలం మీద ఉన్న నమ్మకం వివరాల మీద లేదనే అనుకోవాలి.

శాంథోమ్‌కి మార్కులు తగ్గించడానికి ఇంకో కారణం, దాని గురించి అందరూ వల్లించే ఒక మాట. అపొస్తలుల సమాధుల మీద కట్టిన చర్చిలు ప్రపంచం మొత్తంలో మూడే అని, అవి రోములో పేతురుది, స్పెయిన్‌లో యాకోబుది, ఇక్కడ తోమాది అని. రోము గోడల బయట పౌలు సమాధి మీద ఉన్న బాసిలికాని ఏం చేద్దాం? ఎఫెసు దగ్గర యోహాను సమాధి మీద యుస్తినియాను చక్రవర్తి కట్టించిన చర్చి శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి కదా? ఈ చోటుకి అలాంటి లెక్కల సాయం అక్కర్లేదు.

చిన్నమలై

తోమా దాక్కున్నాడని చెప్పే గుహ, 1551లో కట్టిన పాత చర్చి, పక్కనే గుండ్రటి కొత్త చర్చి, ఒక నీటి ఊట. గుహ ఇరుకు, పైకప్పు తక్కువ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, గాలి ఆడకపోతే ఇబ్బందిపడేవాళ్లు బయటినుంచి చూస్తే చాలు. చేతి ముద్ర, తప్పించుకున్న కంత వగైరా చూపిస్తారు. చరిత్ర కోసం వెళ్లేవాళ్లకు ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అరగంట ఇవ్వండి. టైమ్ లేకపోతే మూడింట్లో వదిలేయాల్సింది ఇదే. దారిలో సైదాపేట దగ్గర అడయారు దాటుతారు. అక్కడ మొదటి వంతెనను 1726లో కట్టించింది పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మేనియా వర్తకుడు. పరంగిమలై మెట్లు కట్టించిందీ ఆయనే.

పరంగిమలై

కొండ ఎత్తు సుమారు 300 అడుగులు. మెట్ల దారి వెంట శిలువ మార్గపు పద్నాలుగు స్థలాలున్నాయి. పెద్దవాళ్లకి ఇబ్బంది లేదు, కారు పైదాకా వెళ్తుంది. మధ్యాహ్నం మెట్లెక్కొద్దు, నీడ తక్కువ, రాయి కాలుతుంది. సాయంత్రం నాలుగు తర్వాత మేలు. కానీ సాయంత్రం పూజ మొదలయ్యేలోపు చర్చి లోపలికి చేరాలి, ఎందుకంటే మీరు చూడాల్సింది ప్రధాన బలిపీఠం వెనక గోడలోనే ఉంది.

అది నల్లరాతి పలక. మధ్యలో కొసలు మొగ్గల్లా విచ్చుకున్న శిలువ, పైనుంచి దిగుతున్న పావురం, రెండు పక్కలా స్తంభాలు, వాటి మీద మకరాలు, పైన కమాను. ఆ కమాను చుట్టూ ఒక శాసనం. 1547లో పోర్చుగీసులు చర్చి పునాది తవ్వుతుంటే బయటపడింది. 1558 నుంచి 1704 దాకా డిసెంబరు 18 పండుగ రోజున దీనికి చెమట పట్టేదని, రక్తం కారేదని చెప్పే కథనాలున్నాయి. "రక్తం కార్చే శిలువ" అన్న పేరు వాటివల్లే వచ్చింది.

తోమా స్వయంగా చెక్కాడని చెప్పే రాయి ఇది. శాసనం మాత్రం ఆ మాట చెప్పదు. 16వ శతాబ్దంలో దాన్ని చదవడానికి ఒక బ్రాహ్మణ పండితుణ్ణి పిలిపించారని పోర్చుగీసు రచనల్లో ఉంది. ఆయన క్రీస్తు జననం, తోమా రాక, మైలాపూరులో మరణం, అంతా ఆ ఒక్క వరుసలో చదివేశాడు! పిలిపించినవాళ్లకు ఏం కావాలో అదే వినిపించింది. మూడొందల ఏళ్లు ఆ చదువు చెలామణి అయింది. 1873లో ఆర్థర్ బర్నెల్ అనే ఐసీఎస్ అధికారి, దక్షిణభారత లిపుల పండితుడు, అది పహ్లవి అని తేల్చాడు. అంటే పాత పర్షియా భాష, లిపి. ఆ తర్వాత చాలామంది చదివారు, మాట మాటకీ తేడాలున్నాయి. బాగా తెలిసిన ఒక పాఠం ప్రకారం అది చిన్న ప్రార్థన: పర్షియన్ పేరున్న ఒక మనిషి మీద కరుణ చూపమని ప్రభువైన క్రీస్తును వేడుకోవడం. కాలం క్రీ.శ. ఏడు, ఎనిమిది శతాబ్దాల ప్రాంతం అని చాలామంది పండితుల అంచనా. ఇలాంటివే కేరళలో కొట్టాయం వలియపళ్లిలో రెండున్నాయి, ఇంకొన్ని చోట్ల కూడా దొరికాయి.

ఈ రాయికి ఐదుకి ఐదు ఇవ్వడానికి కారణం ఇదే. ఇక్కడ నమ్మకం మీద ఆధారపడకుండా చేతికి దొరికే నిజం ఒకటుంది. పోర్చుగీసులకు ఏడెనిమిది వందల ఏళ్ల ముందే ఈ తీరంలో పర్షియా సంఘంతో సంబంధమున్న క్రైస్తవులున్నారు, శిలువ చెక్కించుకున్నారు, తమ భాషలో ప్రార్థన రాయించుకున్నారు. క్రైస్తవం ఈ దేశానికి యూరపు ఓడల్లోనే వచ్చిందనేవాళ్లు ఈ రాయి ముందు ఆ మాట మార్చుకోవాలి. తోమా చేతి ఉలి దెబ్బలే ఇవి అనేవాళ్లూ మార్చుకోవాలి. "ఆయన చేతులలో మేకుల గురుతు" చూస్తే గాని నమ్మనన్న మనిషి పేరుతో ఉన్న కొండ మీద నిలబడి ఆధారం అడగడం అపచారమేమీ కాదు. యోహాను సువార్త 20వ అధ్యాయంలో ప్రభువు అతణ్ణి వెళ్లగొట్టలేదు, చెయ్యి చాచి చూడమన్నాడు.

లోపం ఒకటే. రాయి దూరంగా, ఎత్తులో ఉంటుంది, శాసనం కంటికి ఆనదు. చిన్న బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లండి. లేదంటే దాని స్పష్టమైన ఫొటో ముందే ఫోన్‌లో పెట్టుకుని పోల్చి చూడండి. దగ్గరగా చూడాలన్న పట్టుదల ఉంటే కొట్టాయమే వెళ్లాలి. పరంగిమలై చర్చిలోనే లూకా గీశాడని చెప్పే మరియమ్మ చిత్రం కూడా ఉంది. లూకా గీశాడనే చిత్రాలు ప్రపంచంలో ఇంకా చాలా ఉన్నాయి, రోములో ప్రసిద్ధమైనదీ ఉంది. చూడండి, ముందుకు కదలండి.

వెళ్లేముందు చదవాల్సింది

సమాధులు చూడటానికి ముందు అపొస్తలుల కార్యములు మొదటి రెండు అధ్యాయాలు చదివితే సంఘం పుట్టిన రోజు కళ్లముందు ఉంటుంది. పై గదిలో ఉన్నవాళ్ల జాబితాలో తోమా పేరు ఉంది (1:13). ఆ తర్వాత అతను ఎటు వెళ్లాడో బైబిలు చెప్పదు. భారతదేశం సంగతి వచ్చేది మూడో శతాబ్దపు సిరియాక్ గ్రంథం తోమా కార్యముల్లో. అది బైబిల్లో చేరని పుస్తకం, కట్టుకథలు బాగా ఉన్నాయి. కానీ అందులోని గొందొఫర్ అనే రాజును చాలాకాలం కల్పిత పాత్ర అనుకుంటే, 19వ శతాబ్దంలో వాయవ్య భారతంలో, ఆఫ్ఘనిస్తాన్‌లో అతని నాణేలు దొరికాయి. తోమా కాలానికి సరిపోయే రాజే. అయితే అతని రాజ్యం తక్షశిల వైపు, మైలాపూరు వైపు కాదు. పట్టణం బయట కొండ మీద నలుగురు సైనికులు బల్లేలతో పొడిచారని ఆ గ్రంథంలో ఉంది, ఆ కొండ ఏదో మాత్రం లేదు.

రోజు ఎంచుకోవడంలో జాగ్రత్త. జులై 3 తోమా పండుగ, డిసెంబరు 18 కొండ మీద పండుగ. భక్తి కోసమైతే ఆ రోజులే మంచివి, చూడటం కోసమైతే ఆ రోజులు వద్దు. వారం మధ్యలో వెళ్లండి. పొద్దున ఏడింటికి శాంథోమ్, పదింటికి చిన్నమలై, ఎండ వేళ భోజనం, విశ్రాంతి, నాలుగుకి పరంగిమలై. పూట సమయమే ఉంటే శాంథోమ్ కూడా వదిలేసి కొండకే వెళ్లండి. రాత్రి బండికి సెంట్రల్ చేరాలంటే సెయింట్ థామస్ మౌంట్‌లో గ్రీన్ లైన్ ఎక్కితే చాలు, ఎగ్మోర్ మీదుగా నేరుగా తీసుకెళ్తుంది. ఆలందూరులో మారాల్సిన పని లేదు.