స్పీడు బాగుంది, టైం మాత్రం నమ్మలేం: ఒక డౌన్‌లోడ్ మేనేజర్ రివ్యూ

నల్గొండ బస్టాండు దగ్గర మాది చిన్న ఇంటర్నెట్ సెంటర్. హాల్ టికెట్లు, ప్రింటౌట్లతో పాటు ల్యాప్‌టాప్‌లలో విండోస్, ఉబుంటు వేసివ్వడం కూడా ఉంటుంది కాబట్టి పెద్ద ఫైళ్లు రోజూ దిగుతూనే ఉంటాయి. అందుకే ఏడాది చందా కట్టి ఒక డౌన్‌లోడ్ మేనేజర్ తీసుకున్నాం. పేరు రాయను.

స్పీడుకు వంక పెట్టడానికి లేదు. ఫైలును ముక్కలు చేసి ఒకేసారి లాగుతుంది, కరెంటు పోయి వచ్చినా ఆగిన దగ్గర్నుంచే అందుకుంటుంది, అదీ అవతలి సర్వర్ ఒప్పుకుంటేనే అనుకోండి. బాధంతా మిగిలిన టైం చూపించే గడితోనే. 12 నిమిషాలు అంటుంది, రెప్ప వేసేలోపు 3 గంటలు అంటుంది, మళ్లీ 47 సెకన్లకు దిగుతుంది. ఆ క్షణంలో ఎంత స్పీడు వస్తే దాంతోనే మిగిలిన సైజును భాగించి ముఖాన కొడుతోంది మరి, సాయంత్రం లైను ఊగితే లెక్కా ఊగుతుంది. గడిచిన కాసేపటి స్పీడుల సగటు తీసుకుని, కొత్తగా వచ్చిన స్పీడును అందులో కొంచెం కొంచెంగా కలుపుతూ పోతే ఈ గంతులు తగ్గుతాయి, ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. అలాగని మరీ ఎక్కువసేపటి సగటు తీస్తే లైను చచ్చిపోయినా పాత స్పీడే చూపిస్తూ కూర్చుంటుంది, అదీ పనికిరాదు.

అసలు సెకన్ల లెక్క ఎవరడిగారు? దేవరకొండ పోయే మనిషి కుర్చీలో కూర్చుని "అన్నా, ఇంకెంతసేపు పడుతది, ఈ బస్సుకు పోవాల్నా తర్వాతి దానికా?" అంటాడు. ఆయనకు "ఇరవై నిమిషాల నుంచి అరగంట" అంటే చాలు. ఇప్పుడు ఆ గడి చూడకుండా నోటిలెక్కే చెప్తున్నా: 40 ఎంబీపీఎస్ అంటే బిట్ల లెక్క, ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 5 ఎంబీ, 6 జీబీ ఫైలుకు తక్కువలో తక్కువ 20 నిమిషాలు. ఈ యాప్ స్పీడును బిట్లలో, సైజును బైట్లలో చూపిస్తుంది, ఇంక మామూలు మనిషికి లెక్క ఎట్లా కుదురుతుంది?

ఇక 99 శాతం దగ్గర ఆగి కూర్చోవడం. ఫైలు అప్పటికే దిగిపోయి ఉంటుంది, లోపల ముక్కలు అతికించడం, వైరస్ చెక్ నడుస్తుంటాయి, మా పాత హార్డ్ డిస్క్ మీద అది చాలాసేపే పడుతుంది. "దిగింది, ముక్కలు కలుపుతున్నాం" అని ఒక్క లైను రాస్తే పోయేది. అది లేక మా కుర్రాడు ఆగిపోయిందనుకుని క్యాన్సిల్ కొట్టాడు, మళ్లీ మొదట్నుంచి దింపాల్సి వచ్చింది. వాణ్ని తిట్టలేకపోయాను, తెర మీద ఇంకేం రాసి ఉందని?

కొన్ని సైట్లు ఫైలు సైజు ముందుగా పంపవు. అప్పుడు శాతం చెప్పడానికి ఆధారమే ఉండదు, అయినా ఈ యాప్ గీతను 90 దాకా పరుగెత్తించి అక్కడ నిలబెడుతుంది, ఉత్త నాటకం. కమాండ్ టైప్ చేసి ఫైళ్లు దింపుకునే, పైసా ఖర్చు లేని డబ్ల్యూగెట్ అనే ప్రోగ్రామ్ చూడండి: సైజు తెలియకపోతే శాతం జోలికే పోదు, బ్రాకెట్ల మధ్య చిన్న బాణం గుర్తు అటూ ఇటూ తిరుగుతుంటుంది, పక్కన ఎంత దిగిందో ఉంటుంది. డేటా రావడం ఆగితే స్పీడు దగ్గర అంకెలు తీసేసి గీతలు పెడుతుంది. నల్ల తెర మీద ఒకే ఒక్క లైను, కానీ తెలిసింది చెప్తుంది, తెలియనిది చెప్పదు. విండోస్ 8 నుంచి ఫైళ్లు కాపీ చేసేటప్పుడు వచ్చే స్పీడు గ్రాఫ్ కూడా నాకు నచ్చుతుంది, ఎక్కడ పడిపోయిందో కంటికి కనిపిస్తుంది.

కంపెనీకి ఇవన్నీ మెయిల్ పెడితే "మీ నెట్ కనెక్షన్ చెక్ చేసుకోండి" అని జవాబు వచ్చింది.

ఐదుకు రెండున్నర, ఆ రెండున్నరా స్పీడుకే. ఇంట్లో రాత్రి పెట్టి పడుకునేవాళ్లు కొనుక్కోవచ్చు, మాలాగా ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టుకునేవాళ్లు మాత్రం ట్రయల్‌లో ఒక పెద్ద ఫైలు పెట్టి, లైను బిజీగా ఉండే సాయంత్రం పూట ఆ గడి చూశాకే డబ్బు కట్టండి.