రక్త ప్రసరణ క్యాప్సూల్స్ అని ఫోన్లు వస్తున్నాయి, స్టెంట్ వేయించుకున్నవాళ్ళు ఉంటే జాగ్రత్త

శ్రీకాకుళం జిల్లా వాళ్ళందరికీ, ముఖ్యంగా ఇంట్లో గుండె జబ్బు, షుగర్ ఉన్న పెద్దవాళ్ళున్నవాళ్ళకి చెప్తున్నాను. "కాళ్ళ తిమ్మిర్లు పోతాయి, నరాల్లో బ్లాకులు కరిగిపోతాయి, రక్తం బాగా తిరుగుతుంది, అంతా మూలికలే" అని ఫోన్లో వీడియో వస్తుంది, కింద నంబర్ పెడితే చాలు ఇంక రోజూ కాల్సే. కొనకండి. ఇప్పటికే కొనేసి ఉంటే మీ డాక్టరుకి ఆ డబ్బా చూపించేదాకా ఒక్కటి కూడా మింగనివ్వకండి.

మా మావయ్యది నరసన్నపేట దగ్గర ఊరు. గుండె రక్తనాళంలో స్టెంట్ వేసి ఏడాది కాలేదు, రోజూ రక్తం పల్చబరిచే ఏస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు వేసుకుంటారు. కాళ్ళు లాగుతున్నాయని ఆ వీడియోకి నంబర్ పెట్టారు, ఎవరో మేడమ్ తాను ఆయుర్వేద డాక్టర్నని చెప్పి నాన్నగారూ నాన్నగారూ అంటూ మాట్లాడి మూడు డబ్బాలు 4,500కి అంటగట్టింది. కొరియర్ అబ్బాయి డబ్బులు తీసుకున్నాకే పార్సిల్ ఇస్తాడు, విప్పి చూశాక "సీల్ తీశారు కదా, రిటర్న్ లేదు" అంటారు. డబ్బులు పోతే పోయాయి, నా బాధ అది కాదు. ఆమె మావయ్యతో "ఇవి మొదలెట్టాక ఇంగ్లీషు మందులు మెల్లగా ఆపేయొచ్చు" అని చెప్పింది చూడండి, అదీ అసలు ఘోరం. స్టెంట్ వేసిన మనిషి ఆ రెండు మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపితే స్టెంట్‌లోనే రక్తం గడ్డ కట్టి ప్రాణం మీదకి రావచ్చు. అత్త గట్టిగా పట్టుబట్టి ఆపనివ్వలేదు కాబట్టి సరిపోయింది.

కానీ ఆ మాత్రలతో పాటు ఈ క్యాప్సూల్స్ కూడా వేసుకోవడం వల్ల ఇంకోటి జరిగింది. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం, గెడ్డం గీసుకున్నప్పుడు చిన్న గాటు పడితే ఎంతసేపటికీ ఆగదు, చేతుల మీద ఎక్కడా దెబ్బ తగలకుండానే నీలం మచ్చలు. అడిగితే మావయ్య "ఆకులూ వేర్లే కదమ్మా, ఏటవుతాది" అన్నారు. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే ఏమన్నారో తెలుసా, "మందు పనిచేస్తోంది సార్, చెడు రక్తం బయటకి పోతోంది" అని! ఒక గుండె పేషెంటుకి రక్తం కారుతుంటే చెప్పే మాటేనా అది. తర్వాత నుంచి ఆ నంబర్ ఎత్తడం లేదు.

డబ్బా వెనక చిన్న అక్షరాల్లో చదివితే జింకో, వెల్లుల్లి సారం, అల్లం, పసుపు సారం, దాల్చినచెక్క ఉన్నాయి. ఆయుర్వేదం అని అమ్ముతున్నారు గానీ జింకో అసలు చైనా చెట్టు, మన వైద్యంలోది కాదు. కాలి రక్తనాళాలు మూసుకుపోయినవాళ్ళకి దానివల్ల పెద్ద ఉపయోగం ఉన్నట్టు పరిశోధనల్లో కూడా తేలలేదు. చారులో వేసే వెల్లుల్లికి ఎవరూ భయపడక్కర్లేదు, క్యాప్సూల్‌లో అదే గాఢంగా దట్టించి ఉంటుంది, జింకో గానీ వెల్లుల్లి సారం గానీ రక్తం పల్చబరిచే మాత్రలతో కలిస్తే రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం ఉందని గుండె డాక్టరు చెప్పి వెంటనే ఆపించేశారు, పాత మాత్రలు మాత్రం వదలొద్దన్నారు. ఇప్పుడు మచ్చలు తగ్గుతున్నాయి. గుండె వాల్వ్ మార్పించుకుని రక్తం పల్చబరిచే వార్ఫరిన్, ఎసిట్రోమ్ వేసుకునేవాళ్ళకి ఇంకా డేంజర్, వాళ్ళకి రక్తం ఎంతసేపటికి గడ్డ కడుతుందో చూసే ఐఎన్ఆర్ టెస్టు అటూ ఇటూ అయిపోతుంది. ఆపరేషన్ ఉన్నవాళ్ళు కూడా ఇలాంటివి వాడుతుంటే ముందే డాక్టరుకి చెప్పాలి, దాచొద్దు.

ఉద్దానం వైపు వాళ్ళకి, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, మీకు మరీ మరీ చెప్తున్నాను. కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్ళు నలిగిపోతున్నాయో, పలాసలో కిడ్నీ ఆసుపత్రే పెట్టాల్సి వచ్చింది. ఊరూ పేరూ లేని మూలికా మందుల్లో సీసం, పాదరసం దొరికిన సందర్భాలున్నాయి, అవి కిడ్నీల్నే కొడతాయి.

సప్లిమెంట్ అయితే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబర్ ఉండాలి, ఆయుర్వేద మందైతే తయారీ లైసెన్స్ నంబర్ ఉండాలి. మావయ్య డబ్బా మీద ఒక నంబర్ ఉంది, లెక్కపెడితే 14 అంకెలు లేవు. నంబర్ సరిగ్గా ఉన్నంత మాత్రాన అది మీ ఒంటికి పడుతుందని కాదు, అదీ గుర్తుంచుకోండి. గుండె జబ్బు, బీపీ, షుగర్, పక్షవాతం నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మేజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం, కాబట్టి ఎవడైనా "గ్యారంటీ" అన్నాడంటే అక్కడే ఫోన్ పెట్టేయండి.

కాళ్ళు లాగడం, తిమ్మిర్లు అంటే అన్నిసార్లూ రక్తం తిరగకపోవడమే కాదు, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా అలాగే ఉంటుంది, డాక్టరు చూసి అవసరమైతే రక్తం ఎలా తిరుగుతోందో చూసే డాప్లర్ స్కాన్ తీయిస్తారు. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పెడితే మాత్రం ఆ రోజే హాస్పిటల్‌కి పరుగెత్తండి, లోపల గడ్డ కట్టి ఉండొచ్చు.

మేం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కంప్లయింట్ ఇచ్చాం. టెక్కలి, ఆమదాలవలస, పాలకొండ వైపు ఎవరికైనా ఇలాంటి ఫోన్లు వచ్చి కొనుంటే డబ్బా, కొరియర్ కవరు, బిల్లు, కాల్ వచ్చిన నంబర్ పారేయకుండా ఉంచి మీరు కూడా 1915కి చెయ్యండి.