సున్నపు గట్టిపొర, మెత్తని సుద్దపొర: మేత నేలలో తేడా ఎక్కడ?

పైమన్ను కింద సున్నం ఒకచోట రాయిలా గట్టిపడుతుంది, మరోచోట సుద్దలా మెత్తగా పేరుకుంటుంది. పైనుంచి చూస్తే రెండు నేలలూ ఒకటే: లేతరంగు ఇసుక మన్ను, అక్కడక్కడా తెల్లటి రాళ్లు. గడ్డపార వేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. మెత్తని సుద్దలో దిగి, తెల్లటి పొడి అంటుకుని పైకొస్తుంది. గట్టిపొర మీద ఖంగుమని ఎగిరిపడుతుంది.

సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలతో తేల్చేద్దామనుకుంటే పొరపాటే. సున్నం రెండింట్లోనూ ఉంది కాబట్టి రెండూ బుసబుస పొంగుతాయి. దానికన్నా ఎండిన పెళ్లను గంటసేపు నీళ్లలో వేసి చూడండి. మెత్తనిది విడిపోతుంది, గట్టిపొర ముక్క చెక్కుచెదరదు.

నీటి దగ్గరే అసలు తేడా. మొక్కకు అందే నీరు మీటరు లోతుకు 120 మి.మీ. అనుకుంటే, 40 సెం.మీ. దగ్గరే గట్టిపొర తగిలిన చోట పైమన్నులో నిల్వ 48 మి.మీ. మాత్రమే. పెద్ద వానకు నీరు పొర మీద నిలిచి వాలు వెంట పక్కకు జారిపోతుంది. అలాగని పొరను దండగని తీసిపారేయకూడదు. దాని సన్నటి రంధ్రాలూ కొంత నీరు పీల్చుకుని మెల్లగా వదులుతాయి. పగుళ్లు దొరికితే పొదల వేళ్లు లోపలికి దిగుతాయి. గడ్డి వేళ్లు చాలావరకు పొర మీద చాపలా పరుచుకుంటాయి.

పోషకాల్లో పెద్ద తేడా లేదు. పీహెచ్ 8 చుట్టూ ఉంటుంది. భాస్వరం, ఇనుము, జింకు రెండుచోట్లా సరిగా అందవు.

మన్ను కోతకు మాత్రం గట్టిపొర నేలే ముందు బలి. 10 సెం.మీ. మన్ను కొట్టుకుపోతే మీటరు లోతు నేలకు పోయేది పదో వంతు, 40 సెం.మీ. లోతు నేలకు నాలుగో వంతు. మేపు తగ్గించాల్సి వస్తే అక్కడే మొదలుపెట్టాలి.