ప్రశ్న వేయడమా, కమిటీకి పిలవడమా?

పాలస్తీనియన్ల హక్కులపై బ్రిటన్ విదేశాంగ మంత్రిని నిలదీయడానికి అక్కడి ఎంపీలకున్న దారుల్లో లిఖితపూర్వక ప్రశ్న తేలిక. జవాబు కొద్ది రోజుల్లో వస్తుంది. కానీ 'ఇజ్రాయెల్ దృష్టికి తీసుకెళ్తున్నాం' అన్న ముక్తసరి మాటతో మంత్రి తప్పించుకోవచ్చు.

ఎంపీలతో ఏర్పడిన విదేశాంగ వ్యవహారాల కమిటీది నిదానపు నడక. అయితే అక్కడ మంత్రిని ఎదురుగా కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడగొచ్చు. 2024 సెప్టెంబరులో ఇజ్రాయెల్‌కు ఇచ్చిన దాదాపు 350 ఆయుధ ఎగుమతి లైసెన్సుల్లో 30 వరకే బ్రిటన్ ప్రభుత్వం నిలిపేసి, ఎఫ్-35 యుద్ధవిమానాల విడిభాగాలను చాలావరకు మినహాయించింది. ఎందుకో ఒక్క ప్రశ్నతో తేలదు. పత్రాలు, సాక్ష్యాలు కావాలి. కమిటీ నివేదికకు ప్రభుత్వం మామూలుగా రెండు నెలల్లో బదులివ్వాలి, ఒప్పుకోవాలనేం లేదు. అయినా నా మొగ్గు కమిటీకే.

ఆ మాటకొస్తే సభ ఓటుకు మాత్రం ఏపాటి బలం? పాలస్తీనాను గుర్తించమని 2014లో 274-12తో తీర్మానిస్తే, ప్రభుత్వం గుర్తించింది 2025లో.