బిల్ వాల్ష్ పుస్తకం: ఆట తెలియకపోయినా కొనొచ్చా?

అమెరికన్ ఫుట్‌బాల్ రూల్స్ నాకు ఇప్పటికీ సగమే అర్థమవుతాయి, అయినా 'ద స్కోర్ టేక్స్ కేర్ ఆఫ్ ఇట్‌సెల్ఫ్' మూడు రాత్రుల్లో పూర్తిచేశాను. శాన్‌ఫ్రాన్సిస్కో 49అర్స్ కోచ్ బిల్ వాల్ష్ నాయకత్వం గురించి చెప్పిన మాటలు ఇవి, ఆయన 2007లో పోయాక పుస్తకం 2009లో వచ్చింది.

1979లో ఆయన వచ్చేనాటికి టీమ్ అంతకుముందు సీజన్లో 16 మ్యాచుల్లో 2 గెలిచింది. ఆయన వచ్చిన ఏడాదీ అంతే, 2! కానీ ఆయన గెలుపు గురించి కాకుండా పనితీరు గురించి పట్టుబట్టాడు, ఆటగాళ్లకే కాదు, ఆఫీసులో ఫోన్ ఎత్తేవాళ్లకి కూడా ఎలా మాట్లాడాలో చెప్పాడట. 1981 సీజన్‌కి సూపర్ బౌల్ (అంటే లీగ్ ఫైనల్) కొట్టారు.

నాకు బాగా నచ్చింది మ్యాచ్ మొదట్లో ఆడాల్సిన ఇరవై పాతిక ప్లేలు (అంటే ఎత్తుగడలు) ముందే రాసిపెట్టుకునే పద్ధతి. గ్రౌండ్‌లో అరుపుల మధ్య టెన్షన్‌లో బుర్ర పనిచేయదు కాబట్టి ప్రశాంతంగా ఉన్నప్పుడే ఆలోచించి పెట్టుకోవడం. ప్రొడక్షన్ రిలీజ్ రాత్రి (కొత్త సాఫ్ట్‌వేర్ లైవ్‌లోకి పెట్టే రోజు) మా ఆఫీస్ టీమ్‌లో దీన్నే వాడి చూశాం, పర్లేదు, పనిచేసింది.

మైనస్: చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్తాడు, మధ్యలో వేరేవాళ్లు రాసిన పొగడ్తల వ్యాసాలు దాటేయొచ్చు. మయామిలో ఓడి విమానంలో ఏడ్చిన భాగం, చివర్లో అలసిపోయి 1989లో తప్పుకున్న సంగతి మాత్రం వదలకండి. నాకొచ్చిన కాపీ అట్ట నలిగింది, అది అమ్మినవాడి పుణ్యం. అయిదుకి నాలుగు.