ప్రోస్టేట్ క్యాన్సర్ చికిత్స అయ్యాక టెస్టోస్టెరాన్ ప్యాకేజీ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఆపరేషనో రేడియేషనో అయిపోయినా నీరసం తగ్గక, ఆన్‌లైన్‌లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్‌ని "హార్మోన్ ప్యాకేజీ" అంటూ అమ్మేవాళ్ళతో మాట్లాడుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వాళ్ళ భార్యలు, పిల్లలు కూడా చదవండి. ఫోన్లో మాట్లాడేది ఆయన ఒక్కరే అయినా, తరవాత టెన్షన్ పడేది ఇంటిల్లిపాదీ. డబ్బు కట్టకముందే ఒక పని చేయండి. మీ పేరు మీద వాళ్ళు నింపిన ఆరోగ్య వివరాల ఫారమ్ కాపీ అడిగి తీసుకుని, ప్రతి లైనూ చదవండి. మేం మోసపోయింది అక్కడే.

మా వారికి ప్రోస్టేట్ పూర్తిగా తీసేశారు. ఆ తరవాత పీఎస్ఏ (ప్రోస్టేట్ కణాలు రక్తంలోకి వదిలే ఒక ప్రోటీన్, ఆపరేషన్ తరవాత ఇది మళ్ళీ పెరిగితే జబ్బు తిరగబెట్టిందేమో అని చూస్తారు) పరీక్షలో అందనంత తక్కువకి పడిపోయింది, అలాగే ఉంటూ వచ్చింది. కానీ మనిషిలో ఓపిక లేదు. మధ్యాహ్నం అయ్యేసరికి పడుకోవాల్సి వచ్చేది. నిద్ర సరిగా పట్టదు, ఊరికే చిరాకు, ఇదివరకు ఇష్టంగా చేసే పనుల మీద కూడా ధ్యాస లేదు. సరిగ్గా ఇవే లక్షణాలు వరసగా రాసి, కింద "టెస్టోస్టెరాన్ తగ్గిందేమో" అని అడిగే ప్రకటన చూసి ఫోన్ చేశారు. స్పీకర్ ఆన్ చేసి ఉంది కాబట్టి నేనూ అంతా విన్నాను. క్యాన్సర్ సంగతి మొదట్లోనే చెప్పారు. ఆపరేషన్ అయిందని, ఇప్పటికీ యూరాలజిస్ట్‌కి చూపించుకుంటున్నామని కూడా చెప్పారు. అవతలి కన్సల్టెంట్ ఏమాత్రం తడుముకోలేదు. "అది పాతకాలం భయం సార్, ఇప్పుడు పెద్ద స్టడీ వచ్చింది, సేఫ్ అని తేలింది" అన్నాడు. ఫారమ్ కూడా తనే నింపేస్తానన్నాడు.

ఆ ఫారమ్‌లో "గతంలో క్యాన్సర్ వచ్చిందా" అన్న చోట "లేదు" అని పెట్టాడు. ఆ సంగతి మాకు చాలా తరవాత, డబ్బు వాపసు అడిగినప్పుడు తెలిసింది. "మీరే లేదని రాశారు కదా" అంటూ ఆ కాగితాన్నే మాకు అడ్డం పెట్టారు. ఇది పొరపాటని నేను అనుకోను. అక్కడ "ఉంది" అని పెడితే మందు అమ్మడం కుదరదు. టెస్టోస్టెరాన్ మందుల లేబుల్ మీదే, ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్ళు, ఉందని అనుమానం ఉన్నవాళ్ళు వాడకూడదని ఉంటుంది.

ఆ కన్సల్టెంట్ చెప్పిన "పెద్ద స్టడీ" గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీకూ ఇదే మాట చెబుతారు. 2023లో వచ్చిన ట్రావర్స్ అనే పరిశోధన అది. గుండె జబ్బు ఉన్న, లేదా వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్న 5,000 మందికి పైగా మగవాళ్ళ మీద చేశారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి టెస్టోస్టెరాన్ వాడినవాళ్ళలో ఎక్కువ కాలేదని తేలిన మాట నిజమే. గుండె దడ రకం సమస్య, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం కొంచెం ఎక్కువగానే కనిపించాయి. అసలు సంగతేమిటంటే, ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చినవాళ్ళని ఆ పరిశోధనలో చేర్చుకోనే లేదు. మనలాంటి ఇళ్ళకి అది జవాబే కాదు. దాన్ని చూపించి మందు అమ్మడం మనకి తెలియదనే ధైర్యంతోనే.

"పాత భయం" అన్న మాటలో కొంత నిజం ఉంది, అదీ చెబుతాను. మగ హార్మోన్‌ని తగ్గిస్తే ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ లొంగుతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ అనే సర్జన్ చూపించారు. 1966లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. అప్పటి నుంచి ఈ జబ్బు వచ్చినవాళ్ళకి టెస్టోస్టెరాన్ ఇవ్వడమంటే డాక్టర్లు భయపడేవారు. తరవాత ఇంకో ఆలోచన వచ్చింది. ప్రోస్టేట్ కణాల్లో ఈ హార్మోన్‌ని పట్టుకునే గ్రాహకాలు కొంత మోతాదుకే నిండిపోతాయి, ఆ పైన ఎంత ఉన్నా పెద్దగా తేడా రాదు, నిండిన కుండలో ఇంకా పోసినట్టే. అందుకే కొందరు యూరాలజిస్టులు, చికిత్స బాగా పనిచేసి, పీఎస్ఏ నిలకడగా ఉండి, తిరగబెట్టే ప్రమాదం తక్కువ ఉన్నవాళ్ళకి, చాలా జాగ్రత్తగా గమనిస్తూ ఇస్తున్నారు. కానీ కుండ ఖాళీగా ఉన్నప్పుడు సంగతి వేరు. క్యాన్సర్ చికిత్సలో భాగంగా హార్మోన్ తగ్గించే ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్ళలో టెస్టోస్టెరాన్ దాదాపు అడుగంటి ఉంటుంది. ఆ స్థితి నుంచి పైకి తెస్తే, లోపల ఎక్కడైనా క్యాన్సర్ కణాలు మిగిలి ఉంటే వాటికి ఆహారం దొరికినట్టే. ఆ ఇంజెక్షన్లు ఆపాక హార్మోన్ దానంతటది కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది, పెద్ద వయసులో కొందరికి పూర్తిగా కోలుకోకపోవచ్చు కూడా. ఈ తేడాలేవీ అమ్మేవాడు అడగలేదు. ఏ స్టేజి, గ్లీసన్ స్కోరు (క్యాన్సర్ ఎంత తీవ్రమైనదో చెప్పే అంకె) ఎంత, ప్రోస్టేట్ తీసేసిన చోట అంచుల్లో క్యాన్సర్ మిగిలిందా, రేడియేషన్ ఇచ్చారా, ఒక్క ప్రశ్న లేదు. అన్ని రిపోర్టులూ సిద్ధంగా పెట్టుకుని కూర్చున్న మనిషిని ఏమీ అడగకుండా ప్యాకేజీ చెప్పేశాడు.

రక్తపరీక్ష ఒకటి చేయించారు, అదీ సాయంత్రం, భోజనం చేశాక. టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువగా ఉండి, పొద్దెక్కేకొద్దీ తగ్గుతుంది. అందుకే వేర్వేరు రోజుల్లో రెండుసార్లు ఉదయం పూటే తీసి, రెండింటిలోనూ తక్కువ ఉంటేనే లోపం అంటారు. అమెరికా యూరాలజీ సంఘం వాళ్ళ లెక్కలో ఆ హద్దు డెసిలీటరుకి 300 నానోగ్రాములు. నీరసానికి కారణాలు వేరే బోలెడు ఉంటాయి. రక్తహీనత, థైరాయిడ్, బి12, షుగర్, గురక పెట్టి ఊపిరి ఆగే నిద్ర జబ్బు, క్యాన్సర్ తరవాత వచ్చే దిగులు. ఇవేవీ చూడలేదు. దాంపత్య జీవితం మళ్ళీ మామూలు అవుతుందని కూడా నమ్మబలికారు. ప్రోస్టేట్ తీసేటప్పుడు పక్కనే ఉన్న నరాలు దెబ్బతినడం వల్ల వచ్చే అంగస్తంభన సమస్యని టెస్టోస్టెరాన్ బాగుచేయలేదు. దానికి వేరే చికిత్స ఉంది, ఆపరేషన్ చేసిన డాక్టర్ని సిగ్గుపడకుండా అడగాలి.

ఇక ఇంజెక్షన్. వాళ్ళు ఇచ్చింది నెలల తరబడి ఒంట్లో ఉండే రకం. "మాటిమాటికీ పొడిపించుకోనక్కర్లేదు, సుఖం" అన్నారు. క్యాన్సర్ వచ్చి వెళ్ళిన మనిషికి ఇది సుఖం కాదు. ఏదైనా తేడా వస్తే ఒంట్లోకి వెళ్ళిన దాన్ని వెనక్కి తీయలేం, కరిగేదాకా చూస్తూ కూర్చోవాలి. చర్మం కింద పెట్టే గుళికలూ అంతే. ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే, ఆపగానే కొద్ది రోజుల్లో ప్రభావం తగ్గిపోయే జెల్ లాంటి దానితో మొదలుపెట్టడం మేలని మా డాక్టర్ చెప్పారు. జెల్ వాడితే రాసుకున్న చోటు ఆడవాళ్ళకి, చిన్నపిల్లలకి తగలకుండా చూసుకోవాలి, వాళ్ళ ఒంట్లోకి కూడా ఎక్కుతుంది.

ప్యాకేజీలో ఉచితం అంటూ డబ్బాలు కూడా పంపారు. ఒకటి "జుట్టుకి, గోళ్ళకి", ఇంకోటి "ప్రోస్టేట్‌కి రక్షణ". నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది ఆ జుట్టు మాత్రే. అందులో ఉన్నది పెద్ద మోతాదు బయోటిన్, అంటే విటమిన్ బి7. కొన్ని ల్యాబ్ యంత్రాలు పీఎస్ఏని కొలిచే పద్ధతిలో బయోటిన్ అడ్డం పడుతుంది. రక్తంలో అది ఎక్కువగా ఉంటే పీఎస్ఏ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. టెస్టోస్టెరాన్‌ని ఎక్కువగా చూపించవచ్చు. ల్యాబ్ పరీక్షల్లో బయోటిన్ తెచ్చే గందరగోళం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. మా వారి పీఎస్ఏ రిపోర్టు "బాగానే" వచ్చింది. డాక్టర్ రిపోర్టు చూసి ఊరుకోకుండా, ఏమేం మింగుతున్నారో డబ్బాలన్నీ తెమ్మన్నారు. బయోటిన్ ఆపించి, కొన్ని రోజులు ఆగి మళ్ళీ తీయిస్తే పీఎస్ఏ కనబడింది. ఇంకోసారి తీస్తే ఇంకొంచెం పెరిగింది.

ఆ "రక్షణ" మాత్రల సంగతి వేరే చెప్పాలి. ప్రోస్టేట్‌కి మూలికల మందు అని అమ్మిన పీసీ-స్పెస్ అనే దాన్ని 2002లో మార్కెట్ నుంచి తీసేయాల్సి వచ్చింది. రక్తం పలచబరిచే వార్ఫరిన్ లాంటి అసలైన మందులు అందులో దొంగచాటుగా కలిపి ఉన్నాయి. "టెస్టోస్టెరాన్ బూస్టర్" డబ్బాల మీద డీహెచ్ఈఏ అని కనిపిస్తే, అది ఒంట్లో మగ హార్మోన్‌గా మారేదే. మూలిక అనో విటమిన్ అనో రాసి ఉన్నంత మాత్రాన క్యాన్సర్ డాక్టర్‌కి చూపించకుండా మింగకండి. జుట్టు కోసమో మూత్రం ఇబ్బందికో ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ వాడుతున్నవాళ్ళు కూడా డాక్టర్‌కి చెప్పాలి. ప్రోస్టేట్ ఉన్నవాళ్ళలో అవి పీఎస్ఏని దాదాపు సగానికి తగ్గిస్తాయి.

ప్రోస్టేట్ తీసేసినవాళ్ళలో పీఎస్ఏ మిల్లీలీటరుకి 0.2 నానోగ్రాములకి చేరి, మళ్ళీ చేసినా అలాగే ఉంటే జబ్బు తిరగబెట్టినట్టుగా చూస్తారు. రేడియేషన్ అయినవాళ్ళకి లెక్క వేరు, అన్నిటికంటే తక్కువకి దిగిన అంకెకి పైన 2 పెరిగితే అనుమానిస్తారు. మధ్యలో కొంచెం పెరిగి దానంతటదే తగ్గడం కూడా వాళ్ళలో ఉంటుంది. ఈ అంకెలు పక్కన పెట్టుకోండి, కానీ తేల్చాల్సింది డాక్టరే. మా వారిది ఆ హద్దుకి ఇంకా కిందే ఉంది. టెస్టోస్టెరాన్ వల్లే పెరిగిందా, ఎటూ పెరిగేదేనా అని అడిగితే, అది ఎవరూ కచ్చితంగా చెప్పలేరని డాక్టర్ నిజాయితీగా అన్నారు. మందు పూర్తిగా దిగేదాకా ఆగి మళ్ళీ చూడాలి. ఆ ఎదురుచూపు ఎంత కష్టమో క్యాన్సర్ చూసిన ఇళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆపరేషన్ అయ్యాక చేతిలో ఉన్న ఒకే ఒక్క కాపలా పీఎస్ఏ. దాన్ని కూడా నమ్మలేని స్థితికి మమ్మల్ని తెచ్చారన్నదే నా కోపం.

ఇవన్నీ చదివి, టెస్టోస్టెరాన్ నిజంగా తక్కువగా ఉన్నవాళ్ళు బాధపడుతూ ఊరుకోవాలని నేను అనడం లేదు. ఎముకలు బలహీనపడటం, కండ తగ్గడం, దిగులు, ఇవన్నీ నిజమైన బాధలే. క్యాన్సర్‌కి చికిత్స చేసిన డాక్టర్‌తో మాట్లాడండి. లాభం ఎంత, ప్రమాదం ఎంత అని తూచి చెప్పడానికి ఇప్పటికి ఉన్న ఆధారాలు చాలవని ఆయన చెప్పాలి, అది విన్నాక కూడా కావాలనుకుంటే, మొదలుపెట్టే ముందు పీఎస్ఏ, హిమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) తీసి, తరవాత మొదట్లో కొద్ది నెలలకోసారి చూస్తూ పోతారు. హిమటోక్రిట్ 54 శాతం దాటితే రక్తం చిక్కబడుతుంది, మందు ఆపాలి లేదా తగ్గించాలి. పీఎస్ఏ కదిలితే ఏం చేయాలో ముందే మాట్లాడుకుని ఉంచుతారు. మాకు ప్యాకేజీ అమ్మినవాళ్ళ దగ్గర ఆ ఆలోచనే లేదు. పీఎస్ఏ పెరిగిందని ఫోన్ చేస్తే, తరవాతి డోసు ఎప్పుడు వేయించుకుంటారని అడిగారు.

ఇప్పటికే కొనేసినవాళ్ళు, మందు వేయించుకున్నవాళ్ళు, దాచిపెట్టకుండా క్యాన్సర్ డాక్టర్‌కి చెప్పండి. మందు పేరు, మోతాదు, వేసిన తారీఖు, అన్ని డబ్బాల లేబుళ్ళ ఫోటోలు తీసుకెళ్ళండి. పీఎస్ఏకి వెళ్ళే ముందు బయోటిన్ ఎన్ని రోజులు ఆపాలో అడగండి. ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించండి, లేకపోతే అంకెల్ని పోల్చడం కష్టం. కాలు వాచినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. కొనేటప్పటి చాట్లు, బిల్లులు, ముఖ్యంగా ఆ ఫారమ్ కాపీ భద్రంగా పెట్టుకోండి. ఫారమ్ ఇవ్వమంటే సాగదీస్తారు, మాకూ అలాగే చేశారు. "నా ఆరోగ్య వివరాల కాపీ కావాలి" అని రాతపూర్వకంగా, ఈమెయిల్‌లో అడిగాక పంపారు. ఔషధ నియంత్రణ అధికారులకి, వైద్య మండలికి మేం పెట్టిన ఫిర్యాదులో మొదటి పేజీ అదే.